పసుపులోని కర్‌క్యుమిన్ చేప పిండాన్ని చంపితే మనకేంటి?

పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్‌క్యుమిన్. దాన్ని 7.5 మైక్రోమోలార్ గాఢతలో నీటిలో కలిపి అందులో జీబ్రా చేప పిండాలను ఉంచితే రెండు రోజుల్లో అన్నీ చనిపోయాయని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. గుడ్డు నుంచి బయటపడిన పిల్లలైతే 5 మైక్రోమోలార్‌కే మూడు రోజుల్లో పోయాయి. లెక్క మార్చి చూస్తే 7.5 మైక్రోమోలార్ అంటే లీటరు నీటికి సుమారు 2.8 మిల్లీగ్రాములు. ఇలాంటి పరీక్షల్లో ఒక్కో పిండాన్ని మామూలుగా 2 మిల్లీలీటర్ల నీటిలో ఉంచుతారు. ఆ నీటిలో ఉండేది ఐదున్నర మైక్రోగ్రాములు. పప్పులో వేసే చిటికెడు పసుపులో కర్‌క్యుమిన్ ఇంతకన్నా వెయ్యి రెట్లు పైనే ఉంటుంది.

ఇంతవరకే రాసి వాట్సాప్‌లో వదిలితే ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. మరోవైపు ఇదే కర్‌క్యుమిన్ తక్కువ గాఢతలో చేప పిండాలను ఏదో ఒక హాని నుంచి కాపాడిందని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. అలాంటివి క్యాప్సూల్ అమ్మేవాళ్ల ప్రకటనల్లోకి ఎక్కుతాయి. భయపెట్టేవాళ్లు, అమ్మేవాళ్లు చేసే పొరపాటు ఒకటే. నీళ్లలో ఎంత కలిపారన్నదాన్ని ఒంట్లోకి ఎంత వెళ్లిందన్నట్టుగా చదువుతున్నారు. మొక్కల నుంచి తీసిన పదార్థాల విషప్రభావాన్ని చేప పిండాల మీద తేల్చే పని గత ఇరవై ఏళ్లలో బాగా పెరిగింది. అందులోని బలమూ బలహీనతా చాలావరకు ఈ ఒక్క తేడా దగ్గరే ఉన్నాయి.

మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. తైవాన్‌లో జరిగి 2001లో ప్రచురితమైన ఒక క్లినికల్ పరీక్షలో రోజుకు 8 గ్రాముల కర్‌క్యుమిన్ మింగినవాళ్ల రక్తంలో అది చేరిన గరిష్ఠ స్థాయి సగటున 1.77 మైక్రోమోలార్. 8 గ్రాములంటే పావు కిలోకు పైగా పసుపులో ఉండే సరుకు. అంత మింగినా రక్తంలో తేలింది అంతే. ఎక్కువ భాగం పేగు గోడ దాటదు, దాటినదాన్ని పేగూ కాలేయమూ కలిసి వెంటనే వేరే రూపంలోకి మార్చి బయటికి పంపేస్తాయి. బెంగళూరు పరిశోధకులు 1998లో 2 గ్రాములు ఇచ్చి చూస్తే రక్తంలో దాదాపు కనిపించనే లేదు. దాంతోపాటు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చినప్పుడు మాత్రం ఒంటికి అందే భాగం 2000 శాతం పెరిగిందని రాశారు. ఇప్పటి కర్‌క్యుమిన్ క్యాప్సూళ్లలో చాలావాటి మీద పైపరిన్ పేరు కనిపించేది అందుకే.

చేప పిండానికి ఈ కాపలా ఏదీ లేదు. అది మింగదు, మందులో మునిగి ఉంటుంది. ఒంటి ఉపరితలం మొత్తం దారే. కర్‌క్యుమిన్ లాగా నీటికన్నా కొవ్వులో బాగా కరిగే పదార్థమైతే పచ్చసొనలో పోగుపడుతుంది. బయటి నీటిలో ఉన్నదానికంటే లోపల ఎన్నో రెట్లు ఎక్కువ ఉండొచ్చు. పైగా ఆ పచ్చసొనే దాని తిండి కూడా. కాబట్టి 7.5 అన్న అంకెను 1.77 పక్కన పెట్టి "నాలుగు రెట్లే తేడా" అనడం కూడా సరికాదు. ఆ రెండు అంకెలు కొలిచింది రెండు వేరు వేరు చోట్ల.

ఈ చేపే ఎందుకు?

జీబ్రా చేప మన ఉపఖండానిదే. గంగా బ్రహ్మపుత్ర పరీవాహకంలో వాగులు, వరిపొలాల కాలువలు, నిలవ నీటి గుంటల్లో బతికే వేలెడంత కూడా లేని చారల చేప. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గురించి రాసిన గ్రంథంలో దీన్ని మొదట వర్ణించాడు. ప్రయోగశాలకు దీన్ని తెచ్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్. ఆయన 1981లో ఒకే జన్యుసంపద ఉన్న జీబ్రా చేపలను పుట్టించి చూపించాక జన్యుశాస్త్రం వాళ్లు దీనివైపు తిరిగారు. 1996లో జర్మనీలోని ట్యూబింగన్, అమెరికాలోని బోస్టన్ బృందాలు వేలకొద్దీ లోపాలున్న చేపలను పరిశీలించి ఏ జన్యువు చెడితే పిండంలో ఏ భాగం చెడుతుందో ఒక పెద్ద పట్టికే తయారుచేశాయి. 2013లో పూర్తి జన్యుక్రమం వచ్చింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో కనీసం ఒక సమాన జన్యువు ఉందని అప్పుడు తేలింది.

విషపరీక్షకు వచ్చేసరికి దీని గొప్పతనం జన్యువుల్లో కన్నా గుడ్డులోనే ఎక్కువ. తెల్లారి ట్యాంకు మీద లైటు వెలగగానే ఆడ చేప గుడ్లు పెడుతుంది. ఒక్కోసారి వందకు పైనే పెడుతుంది. గుడ్డు వ్యాసం సుమారు 0.7 మిల్లీమీటర్లు. తల్లి కడుపులో కాకుండా బయటి నీటిలో, గాజులాంటి పారదర్శకమైన పొర లోపల పిండం పెరుగుతుంది. ఒక రోజుకు గుండె కొట్టుకుంటుంది. రెండు మూడు రోజుల్లో పొర చీల్చుకుని బయటికొస్తుంది. ఐదో రోజుకు ఈదుతూ తిండి వెతుక్కుంటుంది. కోయక్కర్లేదు, రంగులు వేయక్కర్లేదు. మైక్రోస్కోప్ కింద పెడితే రక్తం పారడం కూడా కంటికి కనిపిస్తుంది. ఎలుకల్లో ఇదే సమాచారం కావాలంటే తల్లి ఎలుకను చంపాలి, వారాలు పడుతుంది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ, డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ జీబ్రా చేపల మీద పని జరుగుతోంది. దేశంలోని చాలా కాలేజీ ల్యాబుల్లో మాత్రం చేపలు పేరున్న జాతులవి కావు. దగ్గర్లోని అక్వేరియం షాపులో కొన్నవి. "స్థానిక విక్రేత నుంచి సేకరించాం" అన్న మాట మన దేశం నుంచి వచ్చే పేపర్లలో తరచుగా కనిపిస్తుంది. ఆ చేపల పూర్వాపరాలు తెలియవు, వాటి గుడ్ల సహనశక్తి ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మారుతుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా, రెండు ల్యాబుల అంకెలు కలవకపోవడానికి ఒక మామూలు కారణం.

తొంభై ఆరు గంటల పరీక్ష

పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2013 జూలైలో ఆమోదించిన 236వ నంబరు మార్గదర్శకం ఈ పనికి ప్రామాణికం. ఫలదీకరణ జరిగిన మూడు గంటల లోపే గుడ్లను పరీక్ష ద్రావణంలో పెట్టాలి. 24 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేట్‌లో ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు. ఒక గాఢతకు 20 గుడ్లు, మిగిలిన నాలుగు గుంటల్లో మామూలు నీటిలో నాలుగు గుడ్లు. ఆ నాలుగూ ఆ ప్లేటు బాగానే ఉందనడానికి సాక్ష్యం. ఇలా ఐదు గాఢతలు, 26 డిగ్రీల వేడి, 96 గంటలు. ప్రతి 24 గంటలకు ఒకసారి చూసి నాలుగు గుర్తుల్లో ఏదైనా ఉందేమో రాసుకుంటారు. పిండం గడ్డకట్టి తెల్లబడటం, వెన్ను పొడవునా వరసగా ఏర్పడాల్సిన కండర ఖండాలు ఏర్పడకపోవడం, తోక పచ్చసొన నుంచి విడిపోకపోవడం, గుండె కొట్టుకోకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పిండం చనిపోయినట్టే లెక్క. సగం పిండాలు చనిపోయే గాఢతను లెక్కగట్టి ఎల్‌సీ50 అంటారు.

పరీక్ష చెల్లాలంటే మామూలు నీటిలో ఉన్న పిండాల్లో 90 శాతమైనా బతకాలి. అలాగే 3,4-డైక్లోరోఅనిలిన్ అనే తెలిసిన విషాన్ని లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున కలిపిన ప్లేట్‌లో కనీసం 30 శాతం చావాలి. రెండో షరతు మొదటిదానంత ముఖ్యం. చావాల్సిన చోట చావకపోతే ఆ గుడ్లు మొండివో, ద్రావణం సరిగా కలవలేదో, చూసేవాళ్ల కన్ను సరిగా లేదో. మొక్కల సారాల మీద వచ్చే పేపర్లలో మొదటి షరతు గురించి రాస్తారు కానీ రెండోదాన్ని చాలాచోట్ల వదిలేస్తారు. "మా సారం సురక్షితం" అని తేల్చిన పేపర్‌లో ఇది లేకపోతే ఆ మాటకు బరువు ఉండదు.

నాలుగు రోజులే ఎందుకంటే దానికి శాస్త్రంతోపాటు చట్టమూ కారణం. యూరప్ 2010 నాటి జంతు రక్షణ ఆదేశం స్వతంత్రంగా తిండి తినే దశకు చేరిన చేప పిల్లలకే వర్తిస్తుంది. జీబ్రా చేపకు ఆ దశ 120 గంటలని లెక్క. 96 గంటల దగ్గర ఆపితే కాగితం మీద అది జంతు ప్రయోగం కాదు. అసలు ఈ పరీక్ష పుట్టిందే పెద్ద చేపలను చంపడం తగ్గించడానికి. జర్మనీలో పరిశ్రమల వ్యర్థ జలాలను పరీక్షించడానికి చేపలను వాడేవాళ్లు, 2005 నుంచి వాటి స్థానంలో చేప గుడ్లు వచ్చాయి.

అంటే దీని మొదటి ప్రశ్న చాలా సూటి ప్రశ్న. ఈ నీరు నదిలో కలిస్తే చేపలు చస్తాయా? దానికి ఇది మంచి జవాబే ఇస్తుంది. పెద్ద చేపల మీద చేసిన పాత పరీక్షల అంకెలతో పిండాల అంకెలు చాలావరకు కలిశాయి. మొక్కల మందుల పరిశోధకులు ఇదే పరీక్షను అరువు తెచ్చుకున్నప్పుడు ప్రశ్న మారిపోయింది. ఈ ఆకు సారం మనిషి తాగితే ఏమవుతుంది? పరీక్ష పాతదే, ప్రశ్న కొత్తది. చిక్కంతా ఇక్కడ.

ఆకులూ వేళ్లూ పెట్టే తిప్పలు

మొక్కల నుంచి తీసిన పదార్థాల్లో చాలా వాటికి నీళ్లంటే పడదు. కర్‌క్యుమిన్‌ను నేరుగా నీటిలో వేస్తే కరగదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి ఆ ద్రావకాన్ని నీటిలో కలుపుతారు. ఓఈసీడీ పద్ధతిలో ద్రావకం 0.01 శాతం దాటకూడదు. మొక్కల పేపర్లలో అది 0.1 నుంచి 1 శాతం దాకా ఉంటుంది. ఆ మోతాదులో పిండం ఆకారం చెడకపోయినా, మిగతా పదార్థాలు లోపలికి దూరడం తేలికవుతుంది, కదలికలు మారతాయి. ఇంత చేసినా గాఢత పెరిగే కొద్దీ పదార్థం సన్నని రవ్వలుగా విడిపోయి గుడ్డు పొరకు అంటుకుంటుంది. అప్పుడు పేపర్‌లో 50 మైక్రోమోలార్ అని రాసినా నీటిలో నిజంగా కరిగి ఉన్నది ఎంతో కొలిస్తే గానీ తెలియదు. అలా కొలిచేవాళ్లు తక్కువ.

కరిగినదీ నిలవదు. కొంచెం క్షారగుణం ఉన్న నీటిలో కర్‌క్యుమిన్ నిమిషాల్లో విరిగిపోవడం మొదలవుతుంది. ఒంటి వేడిలో ఉంచిన ఫాస్ఫేట్ ద్రావణంలో అరగంటలోనే దాదాపు 90 శాతం పోయిందని పాత కొలతలు చెబుతున్నాయి. వెలుతురు తగిలితే ఇంకో తంటా, కొన్ని మొక్కల పదార్థాలు కాంతిని పీల్చుకుని కణాలను దెబ్బతీసే రకాలు. చేప పిండాలను రోజుకు 12 నుంచి 16 గంటలు లైటు కింద ఉంచుతారు, పైగా అవి పారదర్శకం. చీకట్లో హాని చేయని పదార్థం వెలుతురులో చంపేయొచ్చు. కాబట్టి ఒకే పదార్థానికి రెండు ల్యాబులు రెండు అంకెలు చెబితే ఇద్దరిలో ఎవరో తప్పు చేశారని అనుకోనక్కర్లేదు. ట్యూబ్‌లైటు ఎక్కడుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

గుడ్డు పొర సంగతి వేరు. చిన్న అణువులు దాని సన్నని రంధ్రాల గుండా దూరిపోతాయి. పెద్దవి, ముఖ్యంగా మొక్కల్లో ఉండే పొడవాటి చక్కెర గొలుసులు, ట్యానిన్లలో పెద్దవి బయటే ఆగిపోతాయి. రెండు రోజులు ఏమీ జరగదు. గుడ్డు పగిలాక ఒక్కసారిగా చావులు మొదలవుతాయి. అందుకే 48 గంటల ఫలితం చూసి తొందరపడకూడదు. పొర లేకుండా గడిచే చివరి రోజు కోసమే 96 గంటలు ఆగాలి. కొందరు ఎంజైముతో పొరను ముందే ఒలిచేసి పరీక్షిస్తారు, అది మరింత కఠినమైన పరీక్ష.

ఇవన్నీ ఒక శుద్ధమైన పదార్థం గురించి. సారమైతే లెక్క ఇంకా కలగాపులగం. పల్లెల్లో ఆకును నీటిలో మరిగించి కషాయం తాగుతారు. ల్యాబులో అదే ఆకును మెథనాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. రెండింటిలోకి దిగే పదార్థాలు వేరు. మెథనాల్ సారం చేప పిండాన్ని చంపిందని కషాయాన్ని తప్పుపట్టలేం, చంపలేదని కషాయానికి సర్టిఫికెట్టూ ఇవ్వలేం. వానాకాలం ఆకుకూ ఎండాకాలం ఆకుకూ తేడా ఉంటుంది. ఏ ఊరి నేల, ఏ నెల కోత అన్నవి రాయని పేపర్‌లోని ఎల్‌సీ50 ఆ ఒక్క సీసాకే పరిమితం.

చనిపోవడం కాకుండా వికృతులను చూసే పరీక్షలూ ఉన్నాయి. గుండె చుట్టూ నీరు చేరడం, పచ్చసొన సంచి ఉబ్బడం, తోక వంకర తిరగడం. ఈ మూడూ చాలా పేపర్లలో కనిపిస్తాయి. కనిపించగానే "గుండెకు హాని" అని తేల్చేస్తారు. నిజానికి గుండె చుట్టూ నీరు చేరడం ఈ పిండంలో ఏ ఇబ్బంది వచ్చినా కనిపించే సాధారణ లక్షణం. పురుగుమందుకూ అదే, ఎక్కువైన లోహానికీ అదే. అది ప్రత్యేకంగా గుండెకే చేసే హానో కాదో తేల్చాలంటే గుండె లయ, రక్తప్రవాహం, ఏ గాఢతలో మొదలైంది, చావుకు ఎంత దూరంలో మొదలైంది అన్నవి చూడాలి. చచ్చే మోతాదుకు దగ్గర్లో మాత్రమే వచ్చే వికృతి పెద్దగా ఏమీ చెప్పదు.

లవంగ నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అందులోని యూజెనాల్ చేపలకు మత్తుమందు. అక్వేరియం వాళ్లూ హేచరీల వాళ్లూ దాన్ని వాడతారు. ఆ నూనెలో పెట్టిన పిండం కదలదు, గిచ్చినా స్పందించదు. గుండె మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. మంచి నీటిలో వేస్తే లేచి కూర్చుంటుంది. కదలికను కాకుండా గుండెచప్పుడును చావుకు గుర్తుగా పెట్టడం వల్ల ఇలాంటి పొరపాట్లు తప్పుతాయి.

ఒంటికన్ను గొర్రెపిల్లలు

ఈ పరీక్ష నిజంగా రాణించేది అంకెల దగ్గర కాదు, కారణాల దగ్గర. దానికి సైక్లోపమైన్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 1950ల్లో గొర్రెల మందల్లో నుదుటి మధ్య ఒకే కన్నుతో పిల్లలు పుట్టేవి. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికి, కొండ మేతలో పెరిగే కార్న్ లిల్లీ అనే మొక్కే కారణమని తేల్చారు. చూడి గొర్రె దాన్ని సుమారు పద్నాలుగో రోజున తింటేనే ఈ వికృతి. ముందు తిన్నా తర్వాత తిన్నా ఒంటికన్ను రాదు. అందులోని ఆల్కలాయిడ్ అనే రకం మొక్క రసాయనానికి గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడు సైక్లోప్స్ పేరు మీద సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. అది ఒంట్లో ఏం చేస్తుందో మాత్రం మూడు దశాబ్దాల పాటు అంతుపట్టలేదు.

1996లో హెడ్జ్‌హాగ్ అనే జన్యుసంకేతం లేని ఎలుక పిండాలకూ ఒకే కన్ను వస్తుందని తెలిసింది. 1998 నాటికి సైక్లోపమైన్ ఆ సంకేతాన్నే అడ్డుకుంటోందని రుజువైంది. జీబ్రా చేప ఇక్కడ చక్కగా అమరింది. 1996 నాటి పెద్ద పట్టికలో హెడ్జ్‌హాగ్ సంకేతం చెడిన చేపలు అప్పటికే ఉన్నాయి. మామూలు పిండంలో వెన్ను కండరాల ఖండాలు 'వి' అక్షరంలా కోణంగా ఉంటాయి. ఈ సంకేతం చెడిన పిండాల్లో అవి 'యు' అక్షరంలా గుండ్రబడతాయి. ఆరోగ్యంగా ఉన్న పిండాన్ని సైక్లోపమైన్‌లో పెడితే కండరాలు అలాగే గుండ్రబడ్డాయి, కళ్లు దగ్గరకొచ్చాయి. అంటే మొక్క పదార్థం ఒక జన్యులోపాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరిస్తోంది. విషం ఏ తలుపు తడుతోందో పిండం ఆకారమే చెప్పేసింది.

ఆ తలుపు తెలిశాక కథ మందు వైపు తిరిగింది. చర్మంలో వచ్చే ఒక రకం క్యాన్సర్‌లో ఇదే సంకేతం అదుపు తప్పి ఉంటుంది. దాన్ని అడ్డుకునే విస్మోడెజిబ్ అనే మందుకు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది సైక్లోపమైన్ కాదు కానీ పనిచేసే చోటు అదే. గర్భిణులు దాన్ని వాడకూడదన్న హెచ్చరిక మందు పెట్టె మీదే ఉంటుంది. ఆ హెచ్చరిక వెనుక ఐడహో గొర్రెలున్నాయి.

ఇలాంటి ఫలితం "లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు" అన్న అంకె కన్నా ఎన్నో రెట్లు విలువైనది. చేపలో, ఎలుకలో, గొర్రెలో, మనిషిలో ఆ సంకేతం ఒకటే కాబట్టి జాతి మారినా జవాబు మారదు. అంకె మాత్రం మారుతుంది.

పిండానికి కనిపించనివి

బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు వాడిన వంద మందికి పైగా మహిళలకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు పొరపాటున అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. మన దగ్గర పాముకాటుకు వాడిన ఈశ్వరి వేరు ఆ కుటుంబానిదే. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం చేప పిండాల గుండెనూ మూత్రపిండాలనూ చెడగొడుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అంటే పరీక్ష ముందే జరిగి ఉంటే అనుమానం వచ్చి ఉండేది. కానీ ఆ ఆమ్లం చేసే పెద్ద హాని అది కాదు. డీఎన్‌ఏకు అతుక్కుని ఏళ్ల తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 96 గంటల్లో క్యాన్సర్ కనిపించదు.

కొన్ని పదార్థాలు కాలేయం చేయి పడ్డాకే విషమవుతాయి. పెద్ద చేపలను బాగా చంపే అల్లైల్ ఆల్కహాల్ పిండాల మీద చాలా తక్కువగా పనిచేస్తుంది. దాన్ని విషంగా మార్చే ఎంజైము తొలి రోజుల్లో పిండంలో సరిపడా ఉండదు. గిలిగిచ్చ జాతి గింజల్లో ఉండే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లూ కాలేయంలో మారాకే హాని చేస్తాయి. 1970ల్లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లాలో ఆ గింజలు చిరుధాన్యంలో కలిసి, తిన్నవాళ్ల కాలేయంలోని సన్న సిరలు మూసుకుపోయి పలువురు చనిపోయారు. కాలేయం ఇంకా రూపు దిద్దుకుంటున్న పిండంలో ఇలాంటి విషం తక్కువ చేసి కనిపించే ప్రమాదం ఉంది.

పసుపు క్యాప్సూళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. అమెరికాలో వాటిని వాడిన కొద్దిమందికి కాలేయం వాచిందని 2022లో ఒక వైద్య బృందం నివేదించింది. వాళ్లలో ఎక్కువమందిలో ఒక ప్రత్యేకమైన రోగనిరోధక జన్యురూపం ఉంది. లక్షల మందికి ఏమీ కాకుండా కొందరికే వచ్చే ఇలాంటి హాని ఏ చేప పిండంలోనూ కనిపించదు. ఎన్ని వేల గుడ్లు పెట్టినా అంతే. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు కూరలో వాడుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఇది గాఢంగా తీసిన సారం, పైపరిన్‌తో కలిపి, నెలల తరబడి మింగడం గురించి.

చెరువు గట్టు మీద

మొక్కల విషం, చేప అన్న రెండు మాటలు కలిపితే కృష్ణా, గోదావరి జిల్లాల చేపల రైతుకు కొత్తగా ఏమీ అనిపించదు. పిల్లలను వదిలే ముందు చెరువులోని కలుపు చేపలను చంపడానికి ఇప్ప పిండి చల్లడం పాత పద్ధతి. ఇప్ప గింజల నూనె తీయగా మిగిలిన చెక్క అది. హెక్టారుకు 2000 నుంచి 2500 కిలోల దాకా వేస్తారు. అందులో నురగనిచ్చే సాపోనిన్లు మొప్పలనూ రక్తకణాలనూ దెబ్బతీస్తాయి. రెండు మూడు వారాల్లో విషం విరిగి అదే చెక్క చెరువుకు ఎరువవుతుంది. రొయ్యల చెరువుల్లో ఇదే పనికి టీ గింజల చెక్క వాడతారు. అది చేపలను చంపే మోతాదులో రొయ్యలకు పెద్దగా హాని చేయదు. వెంపలి జాతి మొక్కల్లో, డెర్రిస్ వేళ్లలో ఉండే రొటెనోన్ కూడా చేపలను చంపేదే. అది కణాలు ప్రాణవాయువును వాడుకునే దారినే మూసేస్తుంది. అడవుల్లో గిరిజనులు మడుగుల్లో చేపలు పట్టడానికి ఇలాంటి కాయలు, వేళ్లు దంచి కలిపే అలవాటు చాలా దేశాల్లో ఉంది.

చేప పిండ పరీక్ష చదివేవాళ్లు ఈ అనుభవాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇప్ప పిండి పెద్ద చేపను చంపేది ముఖ్యంగా మొప్పల దగ్గర. తొలి నాలుగు రోజుల పిండానికి పనిచేసే మొప్పలే లేవు, చర్మంతోనే ఊపిరి. కాబట్టి సాపోనిన్ ఉన్న సారం పిండం మీద మెత్తగా కనిపించి చెరువులో చేప మీద కఠినంగా ఉండొచ్చు. అలాగని చేపలను చంపేది మనిషినీ చంపుతుందనీ కాదు. చేపకు మొప్పల్లో రక్తానికీ నీటికీ మధ్య ఉండేది పలచటి పొర ఒక్కటే. మనిషి మింగిన సాపోనిన్ పేగు దాటేది చాలా తక్కువ. సాపోనిన్లు నిండా ఉన్న కుంకుడుకాయ నురగతో తలంటుకునే ఊళ్లకు ఇది వేరే చెప్పాలా?

మన దేశ చట్టంలో మొక్కల మందులకు ఈ పరీక్ష తప్పనిసరి అన్న షరతు లేదు. ఆయుర్వేద గ్రంథాల్లో చెప్పిన మందును చెప్పిన రోగానికే వాడితే విడిగా భద్రతా పరీక్షలు అడగకపోవడం డ్రగ్స్ రూల్స్‌లోని 158-బి నిబంధన దారి. ఉమ్మెత్త, గురివింద, గన్నేరు, నల్లజీడి, వత్సనాభి లాంటివి మాత్రం విష పదార్థాల జాబితాలో వేరుగా ఉన్నాయి. 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి జంతువులు అవసరం లేని పద్ధతులకూ ప్రభుత్వం చోటిచ్చింది. ఆ తర్వాత "జీబ్రా చేప పిండాలపై సురక్షితమని తేలింది" అన్న ముద్ర హెర్బల్ సీసాల మీద ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపడక్కర్లేదు. అలాంటి సీసా చేతికొస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ గాఢత దాకా చూశారని. చిన్న మోతాదు దగ్గరే ఆగిపోయి చావులు లేవని రాయడం చాలా తేలిక. మేలు చేసే మోతాదుకూ చంపే మోతాదుకూ మధ్య ఎంత దూరం ఉందో చెప్పకపోతే ఆ ముద్రకు అర్థం లేదు.

సందేహం లేకుండా ఈ పరీక్ష పనికొచ్చే చోటు ఒకటుంది, అది మందుల షాపు కాదు, పురుగుమందుల షాపు. చామంతి కుటుంబపు పూల నుంచి తీసే పైరెత్రిన్లు పూర్తిగా సహజం, అయినా లీటరుకు మైక్రోగ్రాముల లెక్కలోనే చేపలను చంపుతాయి. డెల్టాలో వరి చేనూ చేపల చెరువూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. అక్కడ కొట్టే వేప మందు 1500 పీపీఎం, 3000 పీపీఎం, 10000 పీపీఎం సీసాల్లో దొరుకుతుంది. ఆ అంకె వేపలో పురుగుల మీద పనిచేసే అజాడిరాక్టిన్ పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లుందో మాత్రమే చెబుతుంది. సీసాలో మిగతాదంతా వేప నూనె, ద్రావకం, నూనెను నీటిలో కలిపే ఎమల్సిఫయర్. ఎమల్సిఫయర్ సబ్బులాంటిది, చేప పిండానికి అజాడిరాక్టిన్ కన్నా అదే ఎక్కువ హాని చేసే వీలుంది. అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది, మిగతావి ఉండిపోవచ్చు. అందువల్ల చెరువు పక్కన చల్లే మందుకు శుద్ధమైన అజాడిరాక్టిన్ మీద వచ్చిన ఎల్‌సీ50 పెద్దగా పనికిరాదు. రైతు కొన్న సీసాలోని మందునే, అతను కలిపే పాళ్లలోనే, కాలువ నీటితోనే కలిపి గుడ్ల మీద పరీక్షించాలి.